ఆడపిల్లల వంక కన్నెత్తి చూడని కుర్రాడు

మా మామ్మగారు నా గురించి చెప్పినవన్నీ మంచి మాటలే. ఆ మంచి మాటల వల్లే నాకు కుదరబోతున్న సంబంధం తప్పిపోయేదాకా వచ్చింది.

మామ్మగారంటే మా బంధువు కాదు. తాడేపల్లిగూడెంలో మేం అద్దెకున్న గది ఆవిడది. కింద ఆవిడ ఒక్కతే ఉండేది, మేడ మీద మేం ఉండేవాళ్లం. మేం అంటే నేను, నా స్నేహితుడు.

నేను ఉల్లిపాయల మార్కెట్లో పనిచేసేవాణ్ణి. లారీల్లో వచ్చిన సరుకును టార్పాలిన్ పట్టాల మీద పోసి, రకాలుగా ఏరి, మళ్లీ బస్తాలకెత్తడం నా పని. పదో తరగతితో నా బడి ఆగిపోయింది. చదువు మాత్రం ఆగలేదని గట్టిగా చెప్పగలను. పని అవ్వగానే ఒళ్లు రుద్దుకుని స్నానం చేసి లైబ్రరీకి వెళ్లేవాణ్ణి. చరిత్ర, ఆరోగ్యం, నక్షత్రాలు, చట్టం, ఏది దొరికితే అది చదివేవాణ్ణి. నేను తిరిగిచ్చిన పుస్తకాన్ని లైబ్రేరియన్ గారు ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇది మీరు తీసుకెళ్లిందే కదండీ, ఉల్లిపాయ వాసనొస్తోంది" అనేవారు. అందరూ నవ్వేవారు. నేను మాత్రం సంతోషించేవాణ్ణి. ఆ బీరువాల్లో సగం పుస్తకాలకు ఆ వాసన అంటించాలని నా కోరిక.

నా స్నేహితుడిది కొల్లేరు లోపలి ఊరు. అక్కడ చేపల చెరువు మీద కాపలా ఉండేవాడు. కొల్లేరులో చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టించేసిన ఏడాది పని పోయి గూడెం వచ్చాడు. ఐసు ఫ్యాక్టరీలో ట్రాలీ ఆటో తోలేవాడు. ఊక కప్పిన ఐసు దిమ్మలు ఎక్కించుకుని చేపలు పట్టే చోటికి చేర్చడం అతని పని. గదిలో వంట అతనిది, గిన్నెలు తోమడం నాది. అతను చేపల పులుసు పెట్టిన రోజు ఒక గిన్నె కిందికి మామ్మగారికి వెళ్లేది. ఆ పులుసు కోసమైనా ఆవిడ మమ్మల్ని ఎప్పటికీ ఖాళీ చేయించదని మాకు ధీమా.

ఇదంతా ఎవరి గురించి రాస్తున్నానో అతన్ని అడిగే రాస్తున్నాను. "పేరెయ్యకపోతే రాసుకో. పులుసు సంగతి మాత్రం మర్చిపోకు" అన్నాడు.

2009లో వానలు తగ్గుముఖం పట్టాక నాకు కలిదిండి వైపు నుంచి ఒక సంబంధం వచ్చింది. మా ఊరు గుండుగొలను దగ్గర. కలిదిండి అప్పట్లో కృష్ణా జిల్లా. "పక్క జిల్లా పిల్లేంట్రా, మన జిల్లాలో కరువొచ్చిందా?" అని మా అమ్మ కాసేపు సణిగింది గానీ, రెండూ చర్చి కుటుంబాలే కావడంతో సర్దుకుంది. అమ్మాయి చేపల మేతల కొట్టులో కంప్యూటర్ మీద బిల్లులు కొట్టేది.

పెళ్లిచూపుల్లో పెద్దవాళ్లందరూ ఉండగానే ఆమె నన్ను సూటిగా అడిగింది.

"పెళ్లయితే నన్ను ఉద్యోగం మానేయమంటారాండీ?"

"మానొద్దండి. నాది ఎండలో పని. ఇద్దరిలో ఒకళ్లకైనా ఫ్యాను కింద పనుండాలి కదండీ" అన్నాను.

ఆమె పైకే నవ్వింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. ఆ నవ్వుతోనే నా మనసులో నిశ్చయం అయిపోయింది. చేసుకుంటే ఈమెనే. ఇంటికి తిరిగొస్తుంటే మా అమ్మ "ఏంట్రా, మాట్లాడవు?" అని అడిగింది. మాట్లాడితే ముఖంలో తెలిసిపోతుందని బస్సు కిటికీలోంచి చెరువుల వైపు చూస్తూ కూర్చున్నాను.

మా వైపు పెళ్లిచూపులు అయ్యాక వాకబు ఉంటుంది. అమ్మాయి తరఫు పెద్దమనిషి ఒకాయన చెప్పాపెట్టకుండా అబ్బాయి ఉండే చోటికి వస్తాడు. టీ కొట్టులో అడుగుతాడు, పనిచేసే చోట అడుగుతాడు, చివరికి ఇంటివాళ్లను అడుగుతాడు. వచ్చినాయన ఫలానా పని మీద వచ్చానని చెప్పడు. జవాబు చెప్పేవాళ్లు తమకు తెలిసిపోయిందని చెప్పరు. అయినా అందరికీ తెలుసు. మా మామ్మగారికి మరీ తెలుసు. ఇస్త్రీ చొక్కాతో ఒక పెద్దాయన వచ్చి "గదులేమైనా అద్దెకున్నాయాండీ?" అని అడగ్గానే, అమ్మాయి బాబాయి అయ్యుంటాడని పోల్చుకుని, కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి మొదలుపెట్టింది. ఏం చెప్పిందో సాయంత్రం మాకు పూసగుచ్చినట్టు తనే చెప్పింది.

"మేడ మీద కుర్రాళ్లాండీ? బంగారమండీ బాబూ! ఒక్క దురలవాటు లేదు. ఆడపిల్లల వంక కన్నెత్తి చూడరంటే నమ్మండి. ఎదురింట్లో కాలేజీ పిల్లలు అద్దెకున్నారా, ఒక్కనాడైనా అటువైపు కిటికీ తీసి ఎరగరు. పని చేసుకోవడం, ఇంటికి రావడం, ఇద్దరూ కలిసి వండుకోవడం, తినడం. ఒకడికి జొరమొస్తే రెండోవాడు అన్నం మానేస్తాడండీ. మొగుడూ పెళ్లాలక్కూడా ఉండదండీ అంత అన్యోన్యం!"

చెప్పి, మా ముందు చేతులు తిప్పుకుంటూ "పెళ్లి ఖాయం చేసేశాను, చీర కొనిపెట్టు" అంది.

అంతకు రెండేళ్ల ముందైతే నిజంగానే ఖాయమయ్యేది. అబ్బాయి గురించి అంతకంటే మంచి మాట మా ప్రాంతంలో ఇంకొకటి లేదు. కానీ ఆ జూలైలో ఢిల్లీలో పెద్ద కోర్టు ఒక తీర్పు చెప్పింది. ఇద్దరు పెద్దవాళ్లు తమ ఇష్టంతో కలిసి ఉంటే, ఇద్దరూ మగవాళ్లే అయినా, ఇద్దరూ ఆడవాళ్లే అయినా అది నేరం కాదని. టీవీల్లో వారాల తరబడి అదే చర్చ. ఆ చర్చలు విన్న చెవులతోనే మామ్మగారి మాటలు విన్నాడు ఆ బాబాయిగారు. కాఫీ సగంలో వదిలేసి లేచాడట. "వేడెక్కువైందేమో పాపం" అనుకుంది ఆవిడ.

తర్వాత ఏం జరిగిందో చెప్పాలంటే ముందు ఆ జూలైలో మా గదిలో జరిగింది చెప్పాలి.

రోజూ సాయంత్రం అతను వంట చేస్తుంటే నేను పక్కన కూర్చుని పేపర్ చదివి వినిపించేవాణ్ణి. ఉల్లి ధర, సినిమా కబుర్లు, రోడ్డు ప్రమాదాలు, అన్నీ ఒకే గొంతుతో చదివేవాణ్ణి. ఆ తీర్పు వార్త కూడా అలాగే చదివేశాను. అతను జెల్ల చేపలు శుభ్రం చేస్తున్నాడు. చేతిలో కత్తి పక్కన పెట్టాడు.

"అది మళ్లీ చదువు."

చదివాను.

"ఇంకోసారి చదువురా."

చదివాను. అతను చేతులు కడుక్కుని వచ్చి గోడకానుకుని కూర్చున్నాడు. "అయితే నేను దొంగను కానన్నమాట" అన్నాడు.

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక నోటికొచ్చిన మొదటి మాట అడిగాను. "నీకెప్పుడు తెలిసిందిరా? ఎలా తెలిసింది?"

"నీకెలా తెలిసింది?"

"ఏది?"

"నీకు ఆడవాళ్లంటే ఇష్టమని."

"అది తెలియడమేంట్రా? అందరికీ ఉండేదేగా."

"అందరి సంగతీ ఎవడడిగాడు? నీ సంగతి చెప్పు."

అన్ని పుస్తకాలు చదివినవాణ్ణి, నా గురించి నన్ను అడిగితే ఒక్క ముక్క రాలేదు. నా ముఖం చూసి అతను వేరేగా అర్థం చేసుకున్నట్టున్నాడు.

"భయపడకు. ఉల్లిపాయ వాసనోళ్లు నాకు పడరు" అన్నాడు.

ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. జెల్లల్ని పిల్లి ఎత్తుకుపోయిందని నవ్వడం అయ్యాక తెలిసింది.

జవాబు తెలియకపోతే నేను వెళ్లే చోటు ఒకటే. గూడెం లైబ్రరీలో దొరకలేదు. సెలవు రోజు చూసుకుని ఏలూరులో పెద్ద గ్రంథాలయానికి వెళ్లాను. మనస్తత్వం మీదవీ, శరీరం మీదవీ, సమాజం మీదవీ ఎన్ని పుస్తకాలుంటే అన్ని బల్ల మీద పేర్చుకున్నాను. వెనక పేజీల్లో పదసూచిక చూడటం నాకు నేనుగా నేర్చుకున్న విద్య. మగవాళ్లను ఇష్టపడే మగవాళ్ల గురించి ఫలానా పేజీ నుంచి ఫలానా పేజీ వరకు అని ఉంది. కొన్ని మాటలు దయగా ఉన్నాయి, చాలా మాటలు దయగా లేవు. కానీ ఉన్నాయి. నా గురించి వెతికితే ఏ పుస్తకం వెనకా ఏమీ లేదు. చివరికి ఒక పారిభాషిక పదకోశంలో 'భిన్నలింగ ఆకర్షణ' అన్న మాట దొరికింది. ఇంగ్లీషు మాటకు ఎదురుగా తెలుగు మాట, అంతే. వివరణ లేదు. నా మీద ఎవరికీ సందేహం లేదు కాబట్టి నన్ను వివరించాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

మా మార్కెట్లో కూడా ఇంతే. మరీ చిన్నదాన్ని చిన్నపాయ అంటాం. రెండు కలిసి ఉంటే జంటపాయ, మొలకొస్తే మొలకపాయ. వాటన్నిటినీ పేరు పెట్టి పక్కకు ఏరేశాక పట్టా మీద మిగిలినదానికి పేరుండదు. దాన్ని సరుకు అంటాం. ఏలూరు నుంచి తిరిగొచ్చే బస్సులో ఈ సంగతి తట్టింది. నేను సరుకుని. ఇరవై తొమ్మిదేళ్లు పేరు లేకుండా, ఎవరూ ఏరకుండా దర్జాగా బతికాను.

బస్సు గుండుగొలను దాటుతుంటే రోడ్డు పక్క చేలు కనిపించాయి. అక్కడే గుర్తొచ్చింది. అప్పుడు నాకు పదమూడేళ్లుంటాయి. ఊడ్పులకు వచ్చినవాళ్లకు మంచినీళ్ల క్యాను తీసుకుని గట్టు మీద నడుస్తున్నాను. నాట్లేస్తున్నవాళ్లలో ఒకమ్మాయి నడుం ఎత్తి నిలబడింది. జుట్టు ముఖం మీద పడుతోంది. రెండు చేతులూ బురద. మోచెయ్యి పైకెత్తి, ముంజేతి వెనకతో జుట్టును మెల్లగా వెనక్కి తోసుకుంది. అంతే, ఇంకేమీ జరగలేదు. నేను గట్టు మీద అలాగే నిలబడిపోయాను. క్యాను వంగి నీళ్లన్నీ చేలోకి పోతున్నా తెలియలేదు. "చేలో నీళ్లు చాలలేదనా నీ ఉద్దేశం?" అని మా అమ్మ వీపు మీద ఒకటి వేసింది.

అదీ నా జవాబు. నాకు తెలిసింది అప్పుడే. ఆ తర్వాత కూడా చాలాసార్లు చూశాను, మెడ తిప్పకుండా, కంటి కొసతో. ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడమే మంచి కుర్రాడి లక్షణం అని నేర్పారు. చర్చిలో మగవాళ్లు ఎడమవైపు, ఆడవాళ్లు కుడివైపు కూర్చుంటారు. మధ్యలో నడవ. ఆ నడవ దాటి చూపు పోనివ్వనందుకు నాకు చిన్నప్పట్నుంచీ మెప్పు దొరికింది. నా స్నేహితుడు తన ఇష్టాన్ని భయంతో దాచుకున్నాడు. నేను మెప్పు కోసం దాచుకున్నాను. రెండూ ఒకటని నేననను. నాకు ఒక్కరోజూ భయం వెయ్యలేదు. కానీ ఇష్టం గురించి నోరు తెరవడం నాకూ రాదని ఆ బస్సులో తెలిసింది.

ఇదంతా జరిగిన రెండు నెలలకు మేడ మీద కుర్రాళ్ల వాకబు జరిగింది. ఆ వారంలోనే బాబాయిగారు మార్కెట్‌కు వచ్చాడు. పట్టాల మీద ఉల్లి గుట్టలు, చుట్టూ ఏరుతున్న ఆడవాళ్లు, మధ్యలో నేను.

"బాబూ, ఒక్కమాట. ఇలా పక్కకి రా."

బస్తాల వెనక్కి వెళ్లాం.

"మీ ఇంటామె నీ గురించి చాలా గొప్పగా చెప్పిందయ్యా."

"ఆవిడకి మేమంటే అభిమానమండి."

"అక్కడే వచ్చింది చిక్కు." ఆయన చుట్టూ చూశాడు. "టీవీలో చూస్తున్నాం కదా ఈమధ్య. ఆ గొడవ."

"ఏ గొడవండి?"

"అదేనయ్యా. ఆ గొడవ."

"మగవాళ్లను ఇష్టపడే మగవాళ్ల సంగతాండీ?"

"మెల్లిగా!" అని ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"బాబాయిగారూ, నాకు ఆడవాళ్లంటే ఇష్టమండి" అన్నాను. ఆ మాట నా జీవితంలో మొదటిసారి పైకి అన్నాను. ఆయన చెయ్యి వదిలేసి వెనక్కి జరిగాడు.

"పెద్దవాళ్ల ముందు అదేం మాటయ్యా!"

"మరి ఏమని చెప్పమంటారండి?"

ఆయన తల గోక్కున్నాడు. "పోనీ, ఇదివరకు ఎవర్నైనా ప్రేమించావా? ఏ పిల్ల వెనకైనా తిరిగావా?"

"లేదండి."

"ఎవరి అన్నయ్యలైనా వచ్చి కొట్టారా?"

"లేదండి."

"ఒక్క గొడవా లేదూ?" ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. అదే మనిషి అంతకుముందు టీ కొట్టులో, కుర్రాడు అమ్మాయిల జోలికి వెళ్తాడా అని గుచ్చిగుచ్చి అడిగాడు. వెళ్లడని తెలిసి సంతోషించాడు కూడా.

మా మాటలు చెవిన పడ్డట్టున్నాయి, గుట్ట మీద నుంచి ఉల్లి ఏరే పెద్దామె ఒకావిడ కల్పించుకుంది. "ఏవండీ, మా కుర్రోడికి సంబంధమాండీ? కళ్లు మూసుకుని ఇచ్చేయండి. ఇంతమంది ఆడోళ్ల మధ్య పనిచేస్తాడా, మా వంక చూడమంటే ఉల్లిపాయల వంక చూస్తాడండీ!"

ఆడవాళ్లందరూ గొల్లుమన్నారు. బాబాయిగారి ముఖం మాడిపోయింది. నాకు సాయం చేయాలనుకున్న ప్రతివాళ్లూ నన్ను ఇంకో మెట్టు కిందికి దించుతున్నారు.

చివరికి ఆయన అసలు విషయానికి వచ్చాడు. "సరే, నీ మాట నమ్ముతాను. ఆ రెండో కుర్రాడి సంగతేంటి?"

"నా గురించి ఏమడిగినా చెబుతానండి. అతని గురించి అతన్నే అడగాలి."

"అడగను. నాకెందుకు? నువ్వా గది ఖాళీ చేసెయ్. అతనికీ నీకూ ఏం లేదని, ఇకముందు రాకపోకలు ఉండవని మా వదినకో మాట చెప్పు. పెళ్లికి అతను రాకూడదు. ఈ మూడూ చేస్తే ఎల్లుండే తాంబూలాలు."

ఆమె నవ్వు గుర్తొచ్చింది. ఫ్యాను కింద పని గుర్తొచ్చింది. నాకు కావాల్సింది చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉంది. ఒక అబద్ధం కూడా ఆడక్కర్లేదు. అతనికీ నాకూ ఏమీ లేదన్నది నిజమే. కానీ ఆ మాట చెప్పడమంటే, అతనితో కూర్చుని అన్నం తినడం ఒక తప్పని ఒప్పుకోవడమే.

"చెప్పనండి" అన్నాను.

"సంబంధం పోతుంది బాబూ."

"తెలుసండి."

ఆయన వెళ్లిపోయాడు. నేను గుట్ట దగ్గరకొచ్చి కూర్చున్నాను. కాసేపటికి ఆ పెద్దామె నా ముందున్న గంప లాక్కుంది. "చిన్నపాయలన్నీ మంచివాటిలో కలిపేస్తున్నావు. లే, ఇంటికి పో" అంది.

సంగతి విన్నాక నా స్నేహితుడు చాలాసేపు స్టవ్ వెలిగించలేదు. "ఆకివీడులో గది చూసుకుంటానురా. ఐసు బళ్లు అటే తిరుగుతాయి, నాకూ దగ్గర" అన్నాడు.

"మరి వంటెవరు చేస్తారు?"

"నీ పెళ్లాం."

"ఆవిడ ఉద్యోగం మానదురా. పెళ్లిచూపుల్లోనే చెప్పేసింది."

అతను నవ్వలేదు. "నా వల్ల నీ బతుకు ఆగకూడదు."

"ఆగదు. ఆగితే అది మామ్మగారి పొగడ్తల వల్ల" అన్నాను. ధైర్యంగానే అన్నాను గానీ, ఆ వారం చేతికి తీసుకున్న పుస్తకం ఒక్క పేజీ ముందుకు కదలలేదు.

తర్వాత ఒక రోజు మధ్యాహ్నం నా సెల్‌కు తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"నేనండీ, కలిదిండి నుంచి. గురువారం కొట్టు పని మీద ఏలూరు వస్తున్నాను. మీతో మాట్లాడాలి. ఎక్కడ కూర్చుందామండీ?"

ఏలూరులో డబ్బు ఖర్చు లేకుండా ఎంతసేపైనా కూర్చోగలిగే చోటు నాకు ఒకటే తెలుసు. అదే చెప్పాను.

ఆమె వచ్చేసరికి నేను పేపర్లు చదివే గదిలో ఉన్నాను. స్త్రీల బల్ల వేరుగా ఉంటుంది. ఆమె అక్కడ కూర్చుంది, నేను ఇటు బల్ల చివర కూర్చున్నాను. ఇక్కడా నడవే. నా పక్కనున్న ముసలాయన పేపర్ మడతపెట్టి మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "మాట్లాడుకునేవాళ్లు వరండాలోకి వెళ్లాలండీ" అన్నాడు, మేం ఒక్క మాటా అనకముందే.

వరండాలో మెట్ల మీద కూర్చున్నాం. ఆమె నసగలేదు.

"మా బాబాయి ఇంట్లో ఏదో గొణుగుతున్నాడు. మా అమ్మ ఏడుస్తోంది. నాకెవరూ సరిగ్గా చెప్పట్లేదు. అసలు మీకు నన్ను చేసుకోవాలనుందాండీ, లేక ఇంట్లోవాళ్ల పోరు పడలేక వచ్చారా?"

"ఉందండి. మీరు నవ్వినప్పట్నుంచీ ఉంది."

ఆమె చూపు తిప్పుకోలేదు. "ఊరికే అంటున్నారో, నిజంగా అంటున్నారో నాకెలా తెలియాలి?"

ఆ ప్రశ్నకు రెండు నెలలుగా నేను తయారై ఉన్నానని ఆమెకు తెలియదు. పుస్తకాల సంగతి చెప్పాను. పదకోశంలో వివరణ లేని మాట గురించి చెప్పాను. గుండుగొలను గట్టు, బురద చేతులు, వంగిన నీళ్ల క్యాను, అమ్మ వేసిన దెబ్బ, అన్నీ చెప్పాను. కంటి కొసతో చూసిన చూపుల గురించి కూడా చెప్పాను. "నేను ఆడవాళ్లను ఇష్టపడే మగవాణ్ణండి. ఎవరో తిట్టారని కాదు, ఇంకొకటి కాదని నిరూపించుకోడానికీ కాదు. వెతికి తెలుసుకున్నాను కాబట్టి చెబుతున్నాను" అన్నాను. బాబాయిగారి ముందు జవాబుగా అన్న మాట ఇక్కడ గర్వంగా అన్నాను.

ఆమె అంతా విని మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుంది.

"మరి మీరండీ?" అని అడిగాను.

"నేనా?"

"మిమ్మల్నెవరైనా అడిగారా?"

"పెళ్లికి ఇష్టమేనా అని అడిగారు. సంబంధం నచ్చిందా అని అడిగారు. ఇలా ఎవరూ అడగలేదండి. మగవాళ్లంటే ఇష్టమేనా అని ఆడపిల్లనెవరడుగుతారు? అడిగితే తప్పు, చెబితే ఇంకా తప్పు."

కొంచెంసేపు మెట్టు మీద వేలితో ఏదో రాసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది.

"నేనూ చూస్తానండి. మా కొట్టుకి మేత లారీలొస్తాయి కదా. బస్తా భుజానికెత్తుకుని నడుస్తారే, అప్పుడు వీపు మీద కండ అలా కదులుతుంది. బిల్లు కొడుతున్నట్టు నటిస్తూ చూస్తాను. మా ఓనరుగారు నేను తలెత్తకుండా పనిచేస్తానని మెచ్చుకుంటాడు."

"నేనూ బస్తాలెత్తుతానండి" అన్నాను.

"తెలుసండి. పెళ్లిచూపుల్లో మీరు పళ్లెం వంక చూస్తున్నారు, నేను మీ చేతుల వంక చూశాను."

నా చెవులు వేడెక్కాయి. లోపల ముసలాయన గట్టిగా దగ్గాడు.

"మీ స్నేహితుడి సంగతి నాకేమీ చెప్పక్కర్లేదు" అంది లేస్తూ. "బాబాయి అడిగిన మాట మీరు చెప్పి ఉంటే నేను ఫోన్ చేసేదాన్ని కాదు. అన్నం పెట్టినవాణ్ణి ఇవాళ వదిలేసినాయన రేపు నన్నూ వదిలేస్తాడు. తోడు పెళ్లికొడుకు ఎవరు మీకు?"

"అతనే అనుకున్నానండి."

"అతనే ఉండాలి."

ఇంటికెళ్లి ఆమె చెప్పిన మాట మా రెండు కుటుంబాల్లోనూ ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు. "బాబాయ్, నీ వాకబు సరిగ్గా లేదు. ఆ అబ్బాయి ఆడపిల్లల వంక చూస్తాడు. నేను కనుక్కున్నాను."

"ఏం కనుక్కున్నావే? ఎలా కనుక్కున్నావే?" అని ఆయన కుర్చీలోంచి లేచాడట.

"లైబ్రరీలో" అందట.

లైబ్రరీ అనేసరికి ఆయనకు ఇంకేం అడగాలో తోచలేదు. తోడు పెళ్లికొడుకు సంగతి మాత్రం ఆయన మనసారా ఒప్పుకోలేదు. "మీ ఇష్టం, చర్చిలో ఎవరైనా ఏమైనా అంటే నన్నడగొద్దు" అని వదిలేశాడు. అలా అనేసరికి మా అందరికీ ఒక భయం మిగిలిపోయింది.

మాలో పెళ్లికి ముందు చర్చిలో ప్రకటన చదువుతారు. ఫలానా అబ్బాయికీ ఫలానా అమ్మాయికీ వివాహం జరగబోతోంది, ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పాలి అని పాస్టరు అయ్యగారు ఆరాధన మధ్యలో అడుగుతారు. అడిగి, కాసేపు ఆగుతారు. వాళ్ల ఊరి చర్చిలో ప్రకటన చదివే ఆదివారం నేను వెళ్లాను. నా స్నేహితుడు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు. మామ్మగారు పట్టుబట్టి వచ్చి, కుడివైపు ఆడవాళ్లలో మా అమ్మ పక్కన కూర్చుంది. బాబాయిగారు మాకు రెండు వరసల ముందున్నాడు.

అయ్యగారు చదివారు. అభ్యంతరం గురించి అడిగారు. ఆగారు.

బాబాయిగారు దగ్గాడు.

చర్చి మొత్తం ఆయన వైపు తిరిగింది. నా స్నేహితుడు బెంచీ అంచు పట్టుకుని ముందుకు జరిగాడు. లేచి బయటికి వెళ్లిపోబోతున్నాడని అర్థమై అతని చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఎవరైనా చూస్తే చూడనీ అనుకున్నాను.

బాబాయిగారు కూడా వెనక్కి తిరిగి మమ్మల్నిద్దరినీ చూశాడు. పట్టుకున్న చెయ్యిని చూశాడు. తర్వాత అయ్యగారి వైపు తిరిగి, "దగ్గండీ. వట్టి దగ్గు. మీరు కానివ్వండి" అన్నాడు.

అయ్యగారు కానిచ్చారు. పాట మొదలైంది. పాట మధ్యలో, అందరికీ వినిపించేంత గుసగుసతో మామ్మగారు పక్కావిడకు చెబుతోంది. "మా కుర్రాడండీ. ఇన్నేళ్లలో ఒక్క ఆడపిల్ల వంక కన్నెత్తి చూసి ఎరగడు."

నడవకు అటువైపు నుంచి ఆమె నవ్వు ఆపుకుంటూ నా వైపు చూసింది. నేను కూడా చూశాను. కంటి కొసతో కాదు. మెడ తిప్పి, నడవ దాటి, చర్చంతా చూస్తుండగా తీరిగ్గా చూశాను.

"చాల్లేరా" అన్నాడు నా స్నేహితుడు చెయ్యి విడిపించుకుంటూ. "పాట పాడు."